రెండు ఆకుపచ్చ టేపులు

లీలాండ్ విమానం ప్రొపెల్లర్ మీద అప్పటికే రెండు ఆకుపచ్చ టేపులున్నాయి. మూడోది నేను అంటిస్తే చాలు, మొదటిసారి భార్యని ఎక్కించుకుని ఎగురుతాడు. నెడీన్ సీట్లో కూర్చుని బెల్టు కూడా బిగించేసుకుంది.

షెడ్లో సొంతంగా విమానం కట్టుకుని, దానికి పాత కారు ఇంజన్ బిగించినవాళ్ళం ఏటా కాన్సస్‌లో ఇలా కలుస్తాం. ఒకరి విమానం ఇంకొకరు చూసి, బాగుంటే ప్రొపెల్లర్‌కి ఆకుపచ్చ టేపు అంటిస్తారు; మూడు పడితేనే ఎగరాలి. తనిఖీకి ఇంజన్ మూత విప్పాలి. చూస్తున్నంతసేపూ కట్టినవాడు జేబుల్లో చేతులు పెట్టుకుని దూరంగా నిలబడాలి.

"మూత తియ్యి," అన్నాను.

"రంగు గీసుకుపోతుంది, వెర్లిన్. బోయిడ్, కర్టిస్ చూశారుగా!"

"మూత తీసి చూశారా?"

నీడలో కర్టిస్ పక్కన కుర్చీ వేసుకుని కాల్చిన పంది పక్కటెముకలు చీకుతున్న బోయిడ్ పకపకా నవ్వాడు. "లీలాండ్ చేతిపని కూడా విప్పి చూడాలా? పెళ్ళికూతురి పళ్ళు లెక్కపెట్టే రకంరా నువ్వు!"

నేనే విప్పాను. పెట్రోల్ గొట్టం అతుకు దగ్గర తెల్లటి సిలికాన్ జిగురు పొంగి ఉంది.

"ఎప్పుడు పూశావిది?"

"పోయిన వారం. కాస్త కారుతుంటేనూ... కారులో ఆయిల్ కారితే పూస్తాంగా."

"ఇది ఆయిల్ కాదురా, పెట్రోల్!"

కార్బురేటర్ గిన్నె ఊడదీసి వేలు పెట్టాను. పెట్రోల్‌లో నాని ఉబ్బిన జిగురు చీమిడిలా సాగుతూ వచ్చింది. ఇంజన్‌కి పెట్రోల్ అందే సన్న రంధ్రం సగం పూడిపోయింది. మిగతా సగం గోధుమ చేల మీద, గాల్లో ఉండగా పూడేది.

వేలు పైకెత్తి వాళ్ళకి చూపించాను. ఆ ముద్ద కన్నా ఆ రెండు టేపులే నన్ను ఎక్కువ భయపెట్టాయి.

"తుడిచేసి ఎగరండి, దానికింత రాద్ధాంతమా?" అన్నాడు కర్టిస్, ఎముక విసిరేస్తూ.

నెడీన్ బెల్టు విప్పుకుని దిగింది. నా వేలికేసి చూసింది.

"ఇది చూసే నన్ను ఎక్కనిచ్చారా?"

"స్నేహితుడి మీద ఆమాత్రం నమ్మకం ఉండదా, నెడీన్?" అన్నాడు బోయిడ్.

"నీ విమానానికి టేపు వేసిందెవరు?"

"మీ ఆయనే."

మొగుడి వైపు తిరిగింది. "నువ్వు మూత తీసి చూశావా?"

లీలాండ్ తల అడ్డంగా ఊపాడు.

నెడీన్ ఆ రెండు టేపులూ పీకి ఉండచుట్టి అతని చొక్కా జేబులో కుక్కింది. నా చేతిలో స్క్రూడ్రైవర్ లాక్కుని నేరుగా బోయిడ్ విమానం దగ్గరికి నడిచింది.

"ఏయ్, రంగు! రంగు!" బోయిడ్ పళ్ళెం పడేసి పరిగెత్తాడు.

నెడీన్ వెనక్కి కూడా చూడకుండా మొదటి స్క్రూ తిప్పింది.

"చేతులు జేబుల్లో పెట్టుకో, బోయిడ్."