గేర్‌బాక్సు కింది పాత రబ్బరు

మా బావమరిది వాన్ సౌఫీకి నా ఇంట్లో నచ్చింది ఒక్కటే, నా గువ్వ. నేనెలాగూ నచ్చలేదు. నా డాట్సన్ కారు పక్కన తన వ్యాను ఆపాల్సి వస్తే నాలుగడుగులు దూరం జరిపి ఆపుతాడు. వాళ్ళక్క నన్ను చేసుకుందని పెళ్ళినాటినుంచీ ఆవిడ మీద జాలిపడుతూనే ఉన్నాడు. గువ్వను చూస్తే మాత్రం చూపు తిప్పుకోలేడు.

దాని పేరు సులింగ్, అంటే పిల్లనగ్రోవి. గుప్పెట్లో పట్టేంత చారల మగ గువ్వ. వసారాలో వేలాడదీసిన పంజరంలోంచి పొద్దున్నే పాట అందుకుంటాడు. ముందు ఒక పొడుగు కూత, మధ్యలో మూడు దరువులు, చివర బావిలో బిందె మునిగినట్టు 'గుంగ్' అని ఒక ముగింపు. ఆ ముగింపు కోసమే మలేషియాలో మా కెలాంతాన్ మగవాళ్ళు పనులు మానుకుని పంజరాల కింద మెడలు ఎత్తుకు నిలబడతారు.

అయితే కూతల పందెం మైదానంలో వాడు నోరెత్తడు. రెండుసార్లు తీసుకెళ్ళాను. రెండుసార్లూ స్తంభం చివర పంజరంలో, ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నవాడిలా ముడుచుకుని ఉండిపోయాడు. రెండోసారి సౌఫీ అందరి ముందూ నా భుజం మీద చెయ్యేశాడు.

"అబె," అన్నాడు. మావైపు అన్నయ్యను, మొగుణ్ణి కూడా అలా పిలుస్తారు. వాడి నోట్లో మాత్రం ఆ మాట అప్పు వసూలుకి వచ్చినట్టుంటుంది. "పిట్టకి గొంతుంది అబె, నీకే యోగం లేదు. నాకిచ్చెయ్. నా ఏసీ వ్యానులో తిరిగితే వారంలో పాడుతుంది."

నాకు కోపమొస్తే నోరు ముందు లేస్తుంది, బుర్ర తరవాత లేస్తుంది. "వచ్చే పందెంలో పాడకపోతే నువ్వే పట్టుకుపో," అనేశాను.

అక్కడున్న వాళ్ళంతా విన్నారు. పిట్టల మనుషుల్లో నోటిమాట అంటే నోటిమాటే. తప్పినవాడు మళ్ళీ మైదానం తాడు దాటి లోపలికి రాలేడు.

ఆ రోజునుంచి నాకు నిద్రలో కూడా ఒకటే ఆలోచన. ఇంట్లో అంత బాగా పాడేవాడు అక్కడెందుకు పాడడు? చివరికి కారణం దొరికిందనిపించింది. నా కారు. పంజరానికి గుడ్డ కప్పి వెనక సీట్లో పెడితే, దారి పొడుగునా వాడు ఆపకుండా కూసేవాడు. భయంతో అరుస్తున్నాడనుకున్నాను. ఆ డాట్సన్ వణుకు అలాంటిది మరి. ఎర్రదీపం దగ్గర ఆగితే వెనక లారీ అద్దంలో రెండు లారీలుగా కనబడేది. గేరు కర్ర ముసలివాడి చెయ్యిలా అదిరేది. పైకప్పు రేకు 'గూఁ' అని మూలిగేది. వాడి గొంతంతా దారిలోనే ఖర్చయిపోయి, మైదానం చేరేసరికి ఏమీ మిగలడం లేదు. ఇదీ నా లెక్క.

మెకానిక్ పోక్ సూ దెరామన్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తి, కర్రతో ఇంజన్ను ఒకసారి ఎగదోసి చూశాడు.

"ఇంజన్ను మోసే మౌంటింగ్ రబ్బర్లు పోయాయి నాయనా," అన్నాడు. "ఎడమది రెండు ముక్కలైంది. కుడిది కుంగిపోయింది. గేర్‌బాక్సు కిందది నూనె తాగి ఉబ్బింది. ఇంజన్ కేవలం అలవాటు కొద్దీ నిలబడుంది, నీలాగే."

"మార్చేస్తే వణుకు పోతుందా?"

"మంచివి తెస్తే పోతుంది. పాత కారు కదా, మంచివి ఎక్కడ తెస్తావో నీ ఇష్టం. శుక్రవారమే పందెమట కదా, రేపటికల్లా తెచ్చుకో."

నేరుగా బూన్ కొట్టుకి పరిగెత్తాను. జపాన్‌లో నడుముకి అడ్డంగా కోసి ఓడలో పంపిన కార్ల ముందు సగాలు ఆ కొట్టు నిండా ఒకదానిమీద ఒకటి పడుంటాయి. వాటి మధ్య బనియనుతో బూన్ కూర్చుని ఉంటాడు. చైనావాడు, కానీ మా యాసలో తిడితే మేమే నేర్చుకోవాలి.

"ఏరా జూసోహ్, కారు అమ్మడానికొచ్చావా, పాతిపెట్టడానికొచ్చావా?"

"మౌంటింగ్ రబ్బర్లు కావాలి. మెత్తనివి. నీ మాటల్లా కాదు."

బూన్ బల్ల మీద ఒక ఎర్ర జత పెట్టాడు. ప్లాస్టిక్‌లా నున్నగా మెరుస్తున్నాయి. "ఇవి తీసుకో. రేసు కుర్రాళ్ళు కొట్టుకుని కొంటున్నారు. ఈ జన్మలో అరగవు."

గోటితో నొక్కాను. గోరే వంగింది.

"ఇవి అరగవు. వీటి మీద కూర్చుంటే నేను అరుగుతాను. బండరాయి మీద ఇంజన్ పెడితే వణుకంతా సీట్లోకి రాదూ?"

"అయితే ఇవి. కొత్తవి, డబ్బా కూడా విప్పలేదు."

ఒకదాన్ని తీసి గచ్చు మీద వదిలాను. 'టక్' అంది, ఎగరలేదు. మసి ఎక్కువ, రబ్బరు తక్కువ. పలక పట్టుకోవాల్సిన వయసులో నా చేతికి గీత కత్తి ఇచ్చి రబ్బరు తోటకి పంపారు. ఎవరి చెట్లో గీశాను, ఎవరి మేడలో లేచాయి. నాకు మిగిలింది వంకర వేళ్ళూ, రబ్బరును నొక్కి చూడగల ఈ గోరూ. కనీసం ఆ గోరునైనా వాడుకోవాలి కదా.

"కోసిన కార్లలో డాట్సన్ ఉందా?" అన్నాను.

"ఒకటుంది. అడుగున. తియ్యాలంటే పైనున్న మూడూ దించాలి."

"దించు."

"నేను దించాలా? నువ్వు పట్టు."

ఇద్దరం కలిసి గొలుసు కప్పీతో మూడింటినీ దించాం. చెమటలు కారిపోయాయి. అడుగునున్న డాట్సన్ కింద పడుకుని చూశాను. ఎండా వానా తగలని కారు అది. రబ్బర్ల అంచుల్లో ఒక్క పగులు లేదు. గోటితో నొక్కి వదిలాను. గుంట పడింది. పిండి మీద పడ్డ వేలిముద్రలా కాసేపు ఉండి, నెమ్మదిగా పూడింది. ప్రాణమున్న రబ్బరు.

"ఇవే," అన్నాను. "మూడూ విప్పు. గేర్‌బాక్సు కిందది కూడా."

బూన్ నన్నే చూస్తున్నాడు. "ఇదంతా పిట్ట కోసమేనా? పెళ్ళాం కోసం ఎప్పుడైనా ఇలా వెతికావట్రా?"

"పెళ్ళాన్ని నేను వెతకలేదు. వాళ్ళ నాన్నే నన్ను వెతికి పట్టుకున్నాడు. ఆయనకి అప్పటికే చూపు మందగించింది."

గురువారం పోక్ సూ పాతవి విప్పి ఈ మూడూ బిగించాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, తాగుతున్న కాఫీ గ్లాసు బానెట్ మీద పెట్టాడు. ఇద్దరం వంగి చూశాం. కాఫీ మీద ఒక్క అల లేదు. పోక్ సూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఇంటికి వస్తుంటే అద్దంలో వెనక లారీ ఒక్కటే కనబడింది. దాన్ని చూసి నవ్వొచ్చింది. పాత రబ్బర్లు మూటగట్టి నా కాళ్ళ దగ్గర పడేశాను. మర్నాడు సౌఫీ మొహం ఎలా ఉంటుందో దారంతా ఊహించుకుంటూ వచ్చాను.

మా ఆవిడ మెక్ సోమ్ వంటింట్లోంచి బయటికొచ్చి ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చావు అబె? బండి చప్పుడే లేదు. దొంగాడనుకున్నాను."

"మౌంటింగులు మార్చాను. ఇక నీ తమ్ముడు గువ్వ సంగతి మర్చిపోవచ్చు."

"వాడు ఏదీ మర్చిపోడు. చిన్నప్పుడు నేను లాక్కున్న బొంగరం గురించి ఇప్పటికీ అడుగుతాడు."

శుక్రవారం తెల్లవారగానే, రోజూలాగే కారు వసారా పక్కన స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చాను. సోమ్ మైదానంలో అమ్మడానికి, శంఖుపూల రంగు వేసి వండిన నీలి అన్నం పొట్లాలు కడుతోంది. నేను పంజరం గుడ్డ ఉతికి ఆరేశాను. గింజలు మార్చాను. నీళ్ళు మార్చాను. ఏదో తక్కువైనట్టుంది. ఏమిటో తెలియలేదు.

సోమ్ చేతిలోని ఆకు వదిలేసి పైకి చూసింది.

"వీడేంటి ఇవాళ పాడట్లేదు?"

సులింగ్ పంజరంలో ముడుచుకుని కూర్చున్నాడు. సరిగ్గా మైదానంలో కూర్చున్నట్టే.

ఈల వేశాను. చిటిక వేశాను. అరటిపండు చూపించాను. వాడు నన్ను చూసి కళ్ళు మూసుకున్నాడు.

"జబ్బు చేసిందా?" అన్నాను.

సోమ్ కిటికీ వైపు చూసింది. పొద్దున్నే కారు స్టార్ట్ అయితే కిటికీ గాజు పలకలన్నీ గలగలమనేవి. ఇవాళ కదల్లేదు.

"అబె, రోజూ నీ బండి మూలిగేది. వీడు దానిమీదికి లేచేవాడు. నువ్వు బండి ఆపేస్తే కాసేపటికి వీడూ ఆపేవాడు. గింజలు వేసేది నేనే కదా, నాకు తెలీదా? ఆ బండిలో ఇంకో మగ గువ్వ ఉందనుకుంటున్నాడు వీడు."

ఆ మాటతో అన్నీ ఒక్కసారి సర్దుకున్నాయి. దారంతా ఆ కూత భయం కాదు, తగువు. పైకప్పు మూలుగుతోంటే వాడు సమాధానం చెబుతున్నాడు. మైదానంలో ఆ శత్రువు లేడు, మిగతా గువ్వల్ని వాడు లెక్కచెయ్యలేదు, నోరు మూసుకున్నాడు. నేనేమో ఊరంతా వెతికి, మూడు కార్లు దించి, ఆ శత్రువును నా చేతులతోనే చంపేశాను.

"ఎంత టైముంది?" అన్నాను.

"పొట్లాలు కట్టడం అయ్యేంత. నిదానంగా కడతాలే."

పాత రబ్బర్ల మూట విప్పాను. మూడూ పెట్టే వ్యవధి లేదు. ఏది? ఎడమది చినిగింది, దానివల్ల దడదడే గానీ మూలుగు రాదు. కుడిది కుంగింది, అంతే. వణికేది గేరు కర్ర. మూలుగు పుట్టేది అక్కడే. నూనె తాగి ఉబ్బిన ఆ మూడోదాన్ని చేత్తో పిసికాను. ఉడికిన వంకాయలా జారింది. ఇదే.

జాకీ ఎక్కించి, గేర్‌బాక్సు కింద చెక్క దిమ్మ పెట్టి, కిందికి దూరాను. సోమ్ ఒక చేత్తో అన్నం పొట్లం కడుతూ రెండో చేత్తో స్పానర్లు అందించింది.

"పధ్నాలుగు."

"ఇది పన్నెండు."

"పక్కది."

"పక్కది పచ్చడి గరిటె. ఆగు."

మొన్న ముద్దు పెట్టుకున్నంత పని చేసిన మంచి రబ్బరును విప్పి గచ్చు మీద పెట్టాను. చెడ్డదాన్ని దాని చోట్లో బిగించాను. బయటికి వచ్చి స్టార్ట్ చేశాను. గేరు కర్ర మెల్లగా అదిరింది. పైకప్పు 'గూఁ' అంది. కిటికీ పలకలు గలగలమన్నాయి.

సులింగ్ మెడ సాచాడు. ఈకలు ఉబ్బించాడు. పొడుగు కూత, మూడు దరువులు, 'గుంగ్'.

సోమ్ నవ్వుతూ తలగుడ్డ సర్దుకుంది. "ఎక్కు. ఆలస్యమైతే మావాడు తాడు దగ్గరే కాచుకుని ఉంటాడు."

తుంపాత్ ఊళ్ళో పందెం మైదానం అప్పటికే నిండిపోయింది. స్తంభాల వరసలు, వాటి చివర పంజరాలు, కింద చెవులు పైకెత్తి తిరిగే న్యాయనిర్ణేతలు. చీటీలో నాకు అంచు వరసే వచ్చింది. కానీ ఆ స్తంభానికి ఎదురుగా, తాడుకి ఆనుకుని ఉన్న ఒకే ఒక ఖాళీలో సౌఫీ వ్యాను ఏసీ వేసుకుని నిలబడుంది. నా కారు ఎక్కడో కొబ్బరిచెట్ల వెనక.

మొదటి విడత మొదలైంది. చుట్టూ గువ్వలు కూస్తున్నాయి, మార్కుల జెండాలు లేస్తున్నాయి. తాడు బయట జనం పిట్టల్ని పేర్లు పెట్టి పిలుస్తూ, కేకలేస్తూ, చప్పట్లు కొడుతున్నారు. సులింగ్ కదల్లేదు. సౌఫీ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"పంజరం నీదేనా అబె, లేక పిట్టతో పాటు అదీ ఇస్తావా?"

నేను సోమ్ వైపు చూశాను. సోమ్ బుట్ట నెత్తిన పెట్టుకుని తమ్ముడి ముందు నిలబడింది.

"ఒరే సౌఫీ, నీ వ్యాను అవతలికి తియ్యి. అన్నం పాడైపోతుంది, నీడ కావాలి."

"అక్కా, నీడ అక్కడ కూడా..."

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదూ నువ్వు? తీసి వచ్చి తిను. రెండు పొట్లాలు పెడతాను."

అక్క ముందు ఏసీ పనిచెయ్యదు. వాడు గొణుక్కుంటూ వ్యాను వైపు నడిచాడు, నేను కొబ్బరిచెట్ల వెనకున్న నా కారు దగ్గరికి పరిగెత్తాను. వాడి వెనక చక్రాలు ఖాళీ వదిలేలోపే నా డాట్సన్ ముందు చక్రాలు అందులో ఉన్నాయి. బ్రేకు వేశాను, ఇంజన్ ఆపలేదు. గేరు కర్ర అదిరింది. పైకప్పు మూలిగింది.

"ఏమిటిది?" సౌఫీ పరిగెత్తుకొచ్చాడు. "పోక్ నిక్, చూడండి, మైదానంలో ఇంజన్ నడుపుతున్నాడు."

పెద్ద న్యాయనిర్ణేత పోక్ నిక్ తాడు దాకా వచ్చి ఆగాడు. కారుని చూశాడు, తాడుని చూశాడు, సౌఫీని చూశాడు.

"చక్రాలు తాడు బయటే ఉన్నాయి. తాడు బయట ఎవడి గోల వాడిది. నువ్వు నోటితో అరుస్తున్నావు, అతను బండితో అరుస్తున్నాడు. జరుగు, వినబడట్లేదు."

నేను స్టీరింగ్ పట్టుకుని పైకి చూస్తున్నాను. సులింగ్ ఒక కన్ను కిందికి తిప్పాడు. కారు పైకప్పును చూశాడు. నేను పెడల్ మీద బొటనవేలంత బరువు వేశాను. మూలుగు కాస్త లావైంది.

వాడి మెడ సాగింది. ఈకలు లేచాయి.

పొడుగు కూత. మూడు దరువులు. గుంగ్.

పోక్ నిక్ ఆగిపోయాడు. వాడు మళ్ళీ అందుకున్నాడు. ఇంకోసారి. ఆ తిట్లు నా కారుకే అని ఆ మైదానంలో నాకూ సోమ్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. చిన్న జెండా లేచింది. ఆ తరవాత దాని పైది లేచింది. ఎవడో నా కారు బానెట్ మీద చరిచాడు. నా కళ్ళ ముందు అన్నీ రెండుగా కనిపించాయి. వణుకు వల్ల మాత్రం కాదు.

మొదటి బహుమతి రాలేదు. నా బతుకులో ఏదీ మొదటిది వచ్చిన గుర్తు లేదు, దానికి నేను బెంగపడలేదు. పంజరం దించి, గుడ్డ కప్పి, వెనక సీట్లో పెట్టాను. గుడ్డ కిందనుంచి కూడా వాడు కారును తిడుతూనే ఉన్నాడు.

సౌఫీ నీలి అన్నం మెతుకులు అంటిన చేత్తోనే కిటికీ దగ్గరికొచ్చాడు. గువ్వను అడగలేదు. డాట్సన్ చుట్టూ ఒకసారి తిరిగి, పైకప్పు మీద అరచెయ్యి ఆనించి, ఆ మూలుగును చాలాసేపు విన్నాడు. వాడు నా కారును ముట్టుకోవడం అదే మొదటిసారి.

"అబె," అన్నాడు. ఈసారి ఆ మాట నిజంగా తమ్ముడు పిలిచినట్టే ఉంది. "ఈ బండి అమ్ముతావా?"

నేను గేరు వేశాను.

"వద్దురా సౌఫీ. దీని రబ్బరు బాగాలేదు."