వాదిలో ఆగిన సోంగ్ మాయ్ జట్టు

షావలికి నీళ్లంటే భయం. రాజంపేట పక్క పల్లెలో పుట్టి, ఎండిన ఏట్లో ఆడుకుంటూ పెరిగినవాడికి ఈత నేర్చుకునే అవసరం ఎప్పుడూ రాలేదు. కానీ 2021లో చెయ్యేరు కట్ట తెగినప్పుడు అతని మేనమామ కొడుకు ఖాదర్ హుస్సేన్‌ని బర్రెలతో సహా ఏరు లాక్కుపోయింది. ఆ వీడియోలన్నీ షావలి గల్ఫ్‌లో, జెబెల్ అలీ లేబర్ క్యాంపులో కూర్చుని ఫోన్లో చూశాడు. అక్కడ లేకపోవడం వల్లనో ఏమో, ఆ నీళ్లు అతన్ని వదల్లేదు. బాత్రూంలో బకెట్ పొంగి కాళ్లకింద తడి తగిలినా బయటికి వచ్చేసేవాడు. ఈ సంగతి భార్య రజియా బేగానికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. బస్సు నడిపేవాడు ఫలానాదానికి భయపడతాడని ముదీర్‌కి అంటే మేనేజరుకి తెలిస్తే మంచిది కాదు కదా.

అతను నడిపేది కంపెనీ లేబర్ బస్సు. 2024 ఫిబ్రవరిలో మాత్రం ఒక వారం పాటు కొత్త బస్సు ఇచ్చి, వియత్నాం నుంచి వచ్చిన ఫుట్‌బాల్ జట్టును తిప్పమన్నారు. నాలుగు దేశాల క్లబ్బులను పిలిచి ఇక్కడెవరో చలికాలం పోటీ పెట్టారు. ఆ జట్టు పేరు సోంగ్ మాయ్. సోంగ్ అంటే వాళ్ల భాషలో నది అని మొదటిరోజే తెలిసింది షావలికి. తెలియకపోయినా బాగుండేది అనుకున్నాడు.

చెప్పింది దేవేందర్. జగిత్యాల కుర్రాడు, పోటీ నిర్వాహకుల తరఫున జట్టు వెంట తిరుగుతూ హోటలు, భోజనం, మైదానం చూసుకునే మనిషి. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టేవాడు. డ్రైవరు పక్కసీట్లో కూర్చుని ఆ క్లబ్బు చరిత్రంతా వారమంతా షావలి చెవిలో పోశాడు. సోంగ్ మాయ్ ఏళ్ల తరబడి రెండో డివిజన్‌లో మగ్గింది. ఎలాగో పై లీగులోకి ఎక్కింది. ఎక్కిన ఏడాదే కప్పు ఫైనల్ దాకా పోయి పెనాల్టీల్లో ఓడింది. ఇక అప్పట్నుంచీ దిగుడే. ఇప్పుడు పట్టికలో అట్టడుగున ఉంది. పరాయి మైదానంలో గెలిచి ఏడాది దాటింది. అక్టోబరు వరదల్లో సొంత స్టేడియం మునిగిపోతే, సొంత మ్యాచ్‌లు కూడా పక్క ఊళ్లో ఆడాల్సి వచ్చింది. ఈసారి కింది డివిజన్‌కి పడితే క్లబ్బునే ఎత్తేస్తానని యజమాని చెప్పేశాడట. ఇక్కడికొచ్చాక కూడా మొదటి మ్యాచ్ ఓడారు, రెండోది డ్రా. మిగిలింది ఫుజైరాలో ఆడే మూడోది.

అందుకే ఆ బస్సులో ఎవరూ పాటలు పెట్టుకునేవాళ్లు కాదు. అద్దంలోంచి చూస్తే అందరూ కుర్రాళ్లే, కానీ పరీక్ష తప్పి ఇంటికి పోతున్న పిల్లల్లా కూర్చునేవాళ్లు. ముందు వరసలో గోల్‌కీపర్ త్రుంగ్, జట్టు కెప్టెన్. పొడుగాటి చేతులు, తక్కువ మాట. అతని పక్కన సామాన్లు చూసుకునే ముసలాయన థిన్. వెనక సీట్లో లాన్ అనే అమ్మాయి. కోచ్ మాటను ఇంగ్లీషులోకి తిప్పేది ఆమే.

మ్యాచ్ రోజు పొద్దున్నుంచే వాన. మామూలుగా ఇక్కడ వాన పడితే జనం ఫోన్లు పట్టుకుని బయటికొచ్చి ఫోటోలు తీసుకుంటారు. ఆ రోజు ఎవరూ రాలేదు. కొండలు చేరేసరికి ఆకాశం వంటింటి పొగగూడులా నల్లబడింది. పెద్దరోడ్డు మీద బండరాళ్లు జారిపడ్డాయని పోలీసులు బండ్లను పక్కకు మళ్లిస్తున్నారు. దేవేందర్ ఎవరెవరికో ఫోన్లు చేశాడు. పాత కొండదారి తెరిచే ఉందన్నారు. షావలి బస్సును అటు తిప్పాడు.

రెండు మలుపులు దాటాక దారి కిందికి దిగి ఒక వాదిని దాటుతుంది. వాది అంటే ఇక్కడివాళ్ల మాటలో కొండవాగు, ఏడాదంతా రాళ్లే. ఇప్పుడు రోడ్డు మీదుగా ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. షావలి బ్రేకు తొక్కాడు.

"యట్ల పోయేది దేవేందరూ? నీళ్లు పారతాండాయి," అన్నాడు.

"జానెడు గూడ లేవు భాయ్. కార్లే పోతున్నయ్. మనం టయానికి పోకపోతె ఆడకుండనే ఓడినట్టు రాస్తరట."

నిజంగానే వాళ్ల కళ్లముందే ఒక కారు దాటింది, దాని వెనక ఇంకోటి. కోచ్ లేచి వచ్చి గడియారం చూపిస్తూ ఏదో అన్నాడు. లాన్ దాన్ని ఇంగ్లీషులోకి తిప్పేలోపు షావలికి అర్థమైపోయింది. వెనక్కి తిప్పేద్దామని చెప్పాలనుకున్నాడు. ఎందుకని అడిగితే నాకు భయమని చెప్పడానికి నోరు రాలేదు. బిస్మిల్లా అనుకుని మొదటి గేరు వేశాడు.

సగం దాకా బాగానే వచ్చారు. అప్పుడు ఎడమవైపు కొండ సందులోంచి ఒక చప్పుడు వచ్చింది. లారీ నిండా కంకర ఒక్కసారి ఒంపినట్టు. షావలి తల తిప్పి చూశాడు. మట్టిరంగు నీళ్లు రాళ్లను, తుమ్మకొమ్మలను దొర్లించుకుంటూ, నడుమెత్తు గోడలా వస్తున్నాయి.

దెబ్బ తగిలింది. బస్సు మొత్తంగా పక్కకు జరిగింది. వెనక చక్రం రోడ్డు అంచు దిగి కూరుకుపోయింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆ తర్వాత వినిపించింది నీళ్ల హోరు, అడుగున రాళ్లు తగులుతున్న చప్పుడు. అంతే.

తలుపు కిందినుంచి నీళ్లు మెట్ల మీదికి పాకాయి. ఒక మెట్టు మునిగింది, ఇంకోటి మునిగింది. షావలి స్టీరింగును రెండు చేతులా పట్టుకుని ఉండిపోయాడు. వేళ్లు విడివడలేదు. ఖాదర్ హుస్సేన్ కూడా ఇట్లాగే చూస్తూ ఉన్నాడా అన్న ఒక్క ఆలోచనే తలలో గిరగిర తిరుగుతోంది. పక్కన దేవేందర్ ఏదో అంటున్నాడు, తప్పు నాదే భాయ్ అంటున్నాడో ఏమో. షావలికి వినబడలేదు. బస్సు మళ్లీ జానెడు జరిగింది.

వెనక కేకలు లేవు. దానికే అతనికి మరీ భయమేసింది. అందరూ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకుంటున్నారు, తొందరగా, కానీ తడబడకుండా. థిన్ ముసలాయన ముందుకొచ్చి కిటికీలోంచి నీళ్లను చూశాడు, వంటపాత్రలో ఎసరు చూసినట్టు. తర్వాత తలుపు వైపు చెయ్యి చూపించాడు.

"ఓపెన్ డోర్," అంది లాన్. "బోత్ సైడ్స్."

షావలి తల అడ్డంగా ఊపాడు. ఈ తలుపే కదా నీళ్లను ఆపుతోంది. తెరిస్తే ఖలాస్. ఆమె మళ్లీ చెప్పింది. దేవేందర్ దాన్ని తెలుగులో చెప్పాడు: వీళ్ల ఊరు ప్రతి ఏడూ మునుగుతుందట. అడ్డంగా మూసిన పెట్టెలా ఉంటే నీళ్లు బస్సును ఎత్తి పడేస్తాయట. లోపలినుంచి పారనిస్తే బరువుగా నిలబడుతుందట.

"నేను తెరవలేనప్పా," అన్నాడు షావలి. "నా సేతులు లేయడం లే."

త్రుంగ్ వచ్చి అతని వేళ్ల మీద తన చెయ్యి పెట్టాడు. లాగలేదు. ఊరికే పెట్టి ఉంచాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. కాసేపటికి షావలి వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. డాష్‌బోర్డు కింద ఎమర్జెన్సీ వాల్వు ఎక్కడుందో అతనికే తెలుసు. కళ్లు మూసుకుని తిప్పాడు.

తలుపు బుస్సుమంది. వెనక ఎడమవైపు అత్యవసర తలుపును కుర్రాళ్లు తన్ని తెరిచారు. నీళ్లు ఆ పక్కనుంచి దూకి, సీట్ల కిందుగా పారి, ముందు తలుపులోంచి బయటికి పోయాయి. మోకాళ్ల దాకా చల్లటి మట్టినీళ్లు. షావలి గట్టిగా అరిచాడు, కానీ బస్సు జరగడం ఆగింది.

థిన్ బంతుల సంచుల తాళ్లు, ప్రాక్టీసు వలలు ముళ్లు వేసి ఒక మోకు తయారుచేశాడు. కార్నర్ జెండా కర్రతో అడుగు తడుముకుంటూ ఇద్దరు ముందు దిగారు. అవతలి గట్టు మీద రోడ్డు కమ్మీకి మోకు కట్టారు. ఒకరి నడుము ఒకరు పట్టుకుని జట్టంతా దాటడం మొదలుపెట్టింది. లాన్ వెళ్లింది, కోచ్ వెళ్లాడు. దేవేందర్ ఏడుస్తూ వెళ్లాడు. మిగిలింది షావలి.

బండి నాది, నేను వదిలి రానని హిందీలో అన్నాడు. అది అబద్ధం. బండి అతనిదీ కాదు, దాని మీద అంత ప్రేమా లేదు. ఆ నీళ్లలో కాలు పెట్టలేడు, అంతే. గట్టు మీదినుంచి అందరూ పిలుస్తున్నారు. త్రుంగ్ ఒక్కడే తిరిగి వచ్చాడు. ఇద్దరికీ తెలిసిన భాష లేదు. మోకు కొస తెచ్చి షావలి నడుముకు కట్టి, ముడి లాగి చూపించాడు. తర్వాత తనవైపు తిప్పుకుని, తన కళ్లలోకే చూడమని రెండు వేళ్లతో సైగ చేశాడు.

నీళ్లు తొడల దాకా వచ్చాయి. అడుగున రాయి దొర్లి షావలి కాలు తప్పింది. తల మునిగింది. నోట్లో మట్టి, చెవుల్లో హోరు. అయిపోయిందనుకున్నాడు, చావు ముందు చదవాల్సిన కలిమా కూడా గుర్తురాలేదు. అంతలో చంకల కింద రెండు చేతులు పడి పైకెత్తాయి. గట్టు ఎక్కాక కూడా ఆ చేతులను చాలాసేపు వదల్లేదు.

కాసేపటికి బస్సు ఒరిగి, వాలి, పక్కకు పడింది.

మ్యాచ్ రెండురోజులు వాయిదా పడింది. అరువు తెచ్చిన బూట్లతో ఆడి రెండు-ఒకటితో ఓడిపోయారు. బస్సు విషయంలో కంపెనీ వాళ్లు షావలిని మళ్లీ మళ్లీ పిలిచి అడిగారు. పోలీసులు దారి మూయలేదు కాబట్టి తప్పు అతని మీద పడలేదు. మళ్లీ లేబర్ బస్సు ఎక్కించారు. ఉద్యోగం నిలిచింది కానీ భయం పోలేదు. వాన సూచన వస్తే ముందురోజు అన్నం సహించేది కాదు. ఒకరోజు ధైర్యం చేసి ముదీర్‌కి ఉన్నమాట చెప్పేశాడు. ఆయన, వాన రోజుల్లో కొండదారులు వేయనులే అన్నాడు.

జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం దేవేందర్ ఫోనులో లింకు పట్టుకుని క్యాంపుకు వచ్చాడు. సోంగ్ మాయ్ అడుగునుంచి ఒక మెట్టు పైకొచ్చిందట, ఈ ఒక్క మ్యాచ్ గెలిస్తే పై లీగులో ఉంటుంది, ఓడితే పడిపోతుంది. ఫుట్‌బాల్ ఏమీ తెలియని షావలి మంచం అంచున కూర్చుని చూశాడు. బంతి త్రుంగ్ వైపు వచ్చినప్పుడల్లా మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాడు. త్రుంగ్ చాలా ఆపాడు. చివర్లో, ఎవరి కాలికో తగిలి దారి తప్పిన బంతి ఒకటి అతని పక్కనుంచి లోపలికి పోయింది.

"పడ్డరు భాయ్," అన్నాడు దేవేందర్ మెల్లగా.

"క్లబ్బు ఎత్తేచ్చారా?"

"ఏమో. ఎత్తెయ్యరేమో."

తెర మీద త్రుంగ్ గోలు స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. థిన్ ముసలాయన మైదానంలోకి నడిచొచ్చి, అతని భుజాల మీద తువ్వాలు కప్పి, పక్కనే గడ్డి మీద కూర్చున్నాడు. షావలి ఫోను చేతిలోకి తీసుకుని దగ్గరగా చూశాడు. బయట రెండో షిఫ్టు వాళ్లు బస్సు కోసం పిలుస్తున్నారు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, లింకు తెగేదాకా చూస్తూనే ఉన్నాడు.