వెనక గది హక్కు
ఇల్లు అమ్ముడుపోకుండా అడ్డుపడింది బావమరిదే. ముసలి వడ్రంగికి అందులో అనుమానం లేదు. చనిపోయిన భార్య తన ఇంటిని భర్తకు రాస్తూ, వెనక గదిలో తమ్ముడు బతికినంతకాలం ఉండవచ్చని రిజిస్టరు చేయించింది. అతను ఆ హక్కు వదులుకుంటే తప్ప కొనేవాడికి చిక్కులేని ఇల్లు దక్కదని లాయరు తేల్చేశాడు.

కబురందగానే వచ్చిన బావమరిది, హక్కు వదులుకునే కాగితం చదవకుండానే కలం తీశాడు.

"ఎక్కడ పెట్టాలి బావా?"

"చదివి చావు. అసలా గది నీకెందుకు రాసింది మీ అక్క?"

"నాకోసం కాదు బావా. 'నేను పోతే మీ బావకి తిట్టడానికైనా ఓ మనిషి ఉండాలిరా' అంది. నువ్వే పిలుస్తావని ఇన్నాళ్లూ ఎదురుచూశాను."

వడ్రంగి కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టాడు.

"ఆ గది తలుపు బిగుసుకుంది. రేపు చిత్రిక పడతాను, సామాను తెచ్చుకో."

"మరి అమ్మకం?"

"ఆ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."

వడ్రంగి కూడా మళ్లీ ఎత్తలేదు.