గవ్వల మేస్త్రీ కూతురి కళ్ళద్దాలు

మేస్త్రీ దగ్గర డబ్బు మాట ఎత్తకూడదు. ఎత్తితే గవ్వల దగ్గర మొదలుపెడతాడు. పూర్వం డబ్బనేదే లేదనీ, ధాన్యమిచ్చి కుండ పుచ్చుకునేవారనీ, తర్వాత గవ్వలొచ్చాయనీ, కొన్నిచోట్ల ఉప్పు కూడా చెల్లిందనీ, లోహపు బిళ్ళలు ఆ తర్వాతే పుట్టాయనీ, చివరికి కాగితమొచ్చి మనిషిని చెడగొట్టిందనీ చెప్పుకుపోతాడు. కథ కాగితం దాకా వచ్చేసరికి ఎదుటివాళ్ళు తామెందుకొచ్చారో మర్చిపోయేవారు. అందుకే వీధిలో ఆయనకు గవ్వల మేస్త్రీ అని పేరు పడింది. ఆయనకది పొగడ్తలాగే వినిపించేది.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. కుట్టుమిషన్లు, పొయ్యిలు, పంకాలు, తూకం యంత్రాలు, ఏది తెచ్చిచ్చినా మూడోరోజుకి బాగై కూర్చునేది. కూలి దగ్గరే గోల. ఎంతివ్వాలని అడిగితే, నీ దగ్గర ఏది ఉంటే అది ఇవ్వు అనేవాడు. వాళ్ళూ అలాగే ఇచ్చేవారు. దాంతో ఇంట్లో మంచాల కింద ఉల్లిపాయల బస్తాలు, మెట్ల మీద వరసగా గుమ్మడికాయలు, మూడు కుంటి కుర్చీలు, ఎవరి తలకూ పట్టని పదకొండు టోపీలు. పెరట్లో కోళ్ళు. వంటింట్లో ఎప్పుడు చూసినా ఎండిపోతున్న రొట్టెలు. గోడ మీది పెద్ద గడియారం కూడా కూలి కింద వచ్చిందే. రెండేళ్ళుగా నాలుగూ పది దగ్గర ఆగిపోయి ఉంది. బయటివాళ్ళ పని తెమిలాక బాగుచేస్తానని మేస్త్రీ చెబుతూనే ఉన్నాడు. కరెంటు బిల్లూ బడి ఫీజూ మేస్త్రీ భార్య బట్టలు కుట్టి సంపాదించే నాలుగు డబ్బుల్లోంచే వెళ్ళేవి. ఆవిడ అరిచే దశ దాటి, తల పట్టుకునే దశా దాటి, ఊరికే చూస్తూ ఉండే దశకు వచ్చేసింది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. పదిహేనేళ్ళది, నోట్లో నాలుక లేని పిల్ల. ఆరు నెలలుగా బడిలో నల్లబల్ల మీది అక్షరాలు ఆ పిల్లకు సుద్ద పొడిలాగే కనబడుతున్నాయి. పక్కనున్న స్నేహితురాలి పుస్తకం చూసి రాసుకుంటూ నెట్టుకొచ్చింది. పరీక్షలో ప్రశ్నలు నల్లబల్ల మీదే రాస్తారు, పక్కన స్నేహితురాలు ఉండదు. పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా టీచరు పిలిచి, కళ్ళద్దాలు లేకుండా పరీక్షకు రావద్దని చెప్పింది.

ఆ మాట తండ్రికి చెప్పడానికే పిల్లకు రెండు రోజులు పట్టింది. తీరా చెబితే ఆయన తన మామూలు ప్రశ్న వేశాడు.

"అవసరమా, సరదానా?"

ఆ ఇంట్లోకి ఏది రావాలన్నా ఈ ప్రశ్న దాటుకునే రావాలి. గొడుగు సరదా, ఎందుకంటే వాన ఎప్పటికైనా ఆగుతుంది. రెండో జత చెప్పులు సరదా, ఎందుకంటే కాళ్ళు రెండే. నడవని గడియారం మాత్రం అవసరం. నడిచిననాడు పనికొస్తుంది కాబట్టి.

కూతురు నేల చూస్తూ అవసరమేనంది. మేస్త్రీ న్యాయంగా పరీక్ష పెట్టదలిచాడు. ఓ పాత పేపరు తెచ్చి పిల్ల ముక్కు ముందు పట్టుకుని చదవమన్నాడు. దగ్గరివి ఆ పిల్లకు బాగానే కనిపిస్తాయి. తడబడకుండా కింద సన్నక్షరాల్లో ఉన్న ప్రకటన కూడా చదివేసింది. చదువుతుంటేనే తెలిసిపోయింది, మునిగిపోతున్నానని. అయినా అక్షరం కనిపించాక కనబడనట్టు నటించడం చేతకాలేదు.

కళ్ళు బంగారంలా ఉన్నాయని మేస్త్రీ తేల్చేశాడు. చదవడానికే కదా అద్దాలు, చదువుతోంది కదా, ఇది సరదానే అన్నాడు.

భార్యకు ఒళ్ళు మండింది. పిల్లను వాకిట్లోకి పంపి, కుర్చీ లాక్కుని ఎక్కి, గోడ గడియారం ముళ్ళు వేలితో తిప్పి దిగింది. పిల్లను వాకిట్లోంచి పిలిచి, గుమ్మంలోనే నిలబెట్టి, టైమెంతో చూసి చెప్పమంది.

కూతురు గడియారం వైపు తలెత్తి చెప్పింది. "నాలుగూ పది."

ముళ్ళు ఎనిమిది గంటలు చూపిస్తున్నాయి.

మేస్త్రీ గడియారాన్నీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు. చేతిలో పేపరు మెల్లగా మడతపెట్టి, అవసరమేలే అని గొణిగాడు.

సోమవారం కళ్ళద్దాల దుకాణంలో కొలతలు తీసుకోవడం బాగానే జరిగింది. శనివారానికి పూర్తి డబ్బు కడితే అద్దాలు పరీక్షకు ముందే వస్తాయి, లేకపోతే తర్వాతేనని దుకాణమాయన చెప్పాడు. డబ్బు అనగానే మేస్త్రీ గవ్వల దగ్గర మొదలుపెట్టాడు. వెనక నలుగురు వరసలో ఉన్నారు. కూతురికి అద్దాల బీరువాలో దూరి తలుపేసుకోవాలనిపించింది. దుకాణమాయన మర్యాదస్థుడు, ఉప్పు దాకా విన్నాడు. అప్పుడు మేస్త్రీ అసలు సంగతికొచ్చి, నీ పంకా బాగుచేస్తాను, కుర్చీ బాగుచేస్తాను, ఏం పాడైందో చెప్పమన్నాడు. ఆయన చుట్టూ చూసుకున్నాడు. ఏదీ పాడవలేదు.

పోనీ గుమ్మడికాయలు పంపమంటారా అని మేస్త్రీ అడిగాడు. తనకు అద్దాలు పంపించే కంపెనీవాళ్ళు గుమ్మడికాయలు పుచ్చుకోరని దుకాణమాయన సౌమ్యంగానే చెప్పాడు. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

దారిలో కూతురికి ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఇన్నేళ్ళుగా ఈ మనిషి డబ్బు కథ చెబుతున్నాడు కానీ, అది ఎందుకు పుట్టిందో ఒక్కసారీ ఆలోచించలేదు. కుండలవాడు ధాన్యం వద్దన్న రోజున పుట్టి ఉంటుంది. అంత పెద్ద మాట పైకి అనే ధైర్యం లేక చెప్పుల చప్పుడు పెంచి నడిచింది.

ఆ నాలుగు రోజులూ తల్లీకూతుళ్ళు ఇంట్లో సరుకు అమ్ముకోవడానికి తిరిగారు. ఉల్లిపాయల్లో సగం మొలకలెత్తాయి. టోపీలు చూసి అందరూ నవ్వారు. కోడిపుంజును చూసిన ఒకాయన సగానికే డబ్బుందనీ, సగమే ఇమ్మనీ వేళాకోళం చేశాడు. గురువారానికి మూడో వంతు కూడా పోగవలేదు.

శుక్రవారం పొద్దున రొట్టెల దుకాణమాయన తన తూకం యంత్రం కోసం వస్తాడని పిల్లకు తెలుసు. తండ్రి వెనక గదిలో ఏదో మరమేకు వెతుక్కుంటున్నాడు. ఆ పిల్ల ఎప్పుడూ లేనిది వచ్చి ఇంటి ముందు గదిలోని తండ్రి దుకాణంలో బల్ల వెనక కూర్చుంది. చెప్పాల్సింది ముక్కలు ముక్కలుగా అనుకుని, మింగి, మళ్ళీ అనుకుంది. ఆయన వచ్చాడు. చంకలో నాలుగు రొట్టెలు. వాటిని బల్ల మీద పెట్టబోయాడు.

"రొట్టెలు వద్దండి. డబ్బులివ్వండి."

గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. వెనక గదిలో మరమేకు కింద పడి దొర్లిన చప్పుడైంది. మేస్త్రీ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

రొట్టెలాయన నోరు తెరిచాడు. "పుచ్చుకుంటారా?"

పిల్ల తలూపింది.

"అయ్యో తల్లీ, ఈ మాట ముందే చెప్పకూడదా? కొత్తలో ఓసారి నోటు తీసి ఇవ్వబోతే మీ నాన్న గవ్వలనీ ఉప్పనీ గంటసేపు నిలబెట్టాడు. డబ్బు చూపిస్తే ఆయనకు అవమానమని వీధంతా అనుకుంటోంది."

ఇక ఆయన ఆగలేదు. అణచిపెట్టుకున్న విసుగంతా బయటపడింది. మేస్త్రీకిచ్చే రొట్టెలు కాల్చడానికే తను వంటచెరకు వేరే కొంటున్నాడట. గుమ్మడికాయలు తెచ్చే ఆవిడకు తోట లేదు, కాయలు బజారులో కొని, రెండు మలుపుల దూరం మోసుకొస్తుంది. టోపీలాయన గుమాస్తా. ఏమివ్వాలో తోచక, వచ్చేదారిలో టోపీల కొట్టు కనిపిస్తే కొన్నాడు. కోళ్ళు తెచ్చినాయనకు కోడిని చూస్తే భయం. మేస్త్రీ దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలన్నది ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఓ తగువట.

"నేనెప్పుడూ డబ్బు వద్దనలేదే," అన్నాడు మేస్త్రీ. "ఉన్నది ఇవ్వమన్నాను."

లోపలి గుమ్మంలోంచి భార్య అంది. "వాళ్ళ దగ్గరున్నది డబ్బేనండీ."

మేస్త్రీకి గవ్వల దగ్గర మొదలుపెడదామంటే అక్కడ పట్టు దొరకలేదు. రొట్టెలాయన నోట్లు తీసి పిల్ల చేతిలో పెట్టి, రొట్టెలు చంకలో పెట్టుకుని, తూకం యంత్రం ఎత్తుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి వీధి చివరి దాకా తెలిసిపోయింది. సాయంత్రంలోగా బాగై పడి ఉన్న రెండు కుట్టుమిషన్లనూ ఓ పంకానూ వాటి యజమానులు డబ్బిచ్చి పట్టుకెళ్ళారు. గుమ్మడికాయలావిడ చేతులూపుకుంటూ వచ్చి, మేస్త్రీ భార్య చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు.

శనివారం కళ్ళద్దాల దుకాణమాయన డబ్బు లెక్క చూసుకుంటుంటే మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. కూతురు ఆయన వైపు తిరిగి చూసింది, అంతే. ఆయన దగ్గినట్టు దగ్గి ఊరుకున్నాడు.

పరీక్షకు రెండు రోజుల ముందు అద్దాలొచ్చాయి. పిల్ల ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి పెట్టుకుంది. ముందుగా గోడ వైపు చూసింది. ఇన్నాళ్ళూ మచ్చలా కనిపించింది గడియారమయ్యింది. అంకెలున్నాయి, ముళ్ళున్నాయి, అద్దం మీద దుమ్మూ ఉంది.

"నాన్నా, ఇంకా ఎనిమిదే అయింది," అంది.

మేస్త్రీ కుర్చీ ఎక్కి గడియారం దించాడు. దుకాణంలో బల్ల మీద బోర్లా పెట్టి, వెనక మూత విప్పడానికి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. భార్య కుట్టుమిషను దగ్గర్నుంచి తలెత్తకుండా, దీనికి కూలి ఎవరిస్తారని అడిగింది.

కూతురు వెళ్ళి మెట్ల మీంచి ఓ గుమ్మడికాయ మోసుకొచ్చి ఆయన పక్కన పెట్టింది.