తోక మీద చాకు కోత

రేవు గోడ పక్కన నీళ్ళలో తేలుతున్న తన సరుకు పెట్టె మూత ఎత్తగానే, రోవెనా చేతికి గుడ్లు గీకేసిన ఆడ లాబ్‌స్టర్ దొరికింది.

కడుపు కింద నల్లటి గుడ్లు నాలుగైదు ఇంకా అంటుకునే ఉన్నాయి. మిగతావి ఎవరో బ్రష్షు పెట్టి తోమేశారు. గుడ్లున్నదాన్ని అమ్మకూడదు; అమ్ముకోడానికి ఇలా గుడ్లు తోమేయడాన్ని మించిన పాడుపని అమెరికాలోని ఈ మేన్ తీరంలో లేదు. పట్టుబడితే లైసెన్సు పోతుంది, పడవ ఒడ్డుకెక్కుతుంది. తనిఖీవాళ్ళు ఈ పూటే వస్తారని నిన్నంతా రేవులో ఒకటే మాట.

పక్క పడవలో ఫాస్ ఉన్నాడు. లాబ్‌స్టర్లు పట్టే బోనులు దింపే చోటు కోసం వేసవంతా ఆమెతో తగువు పడ్డవాడు. రోవెనా ఆ లాబ్‌స్టర్‌ను అతని మొహం ముందు ఆడించి, దమ్ముంటే ఎదురుగా వచ్చి కక్ష తీర్చుకోమని, ఇలా చాటుగా పెట్టెలో వేయడానికి సిగ్గులేదా అని కడిగి పారేసింది.

ఫాస్ తొణకలేదు. దాన్ని తిప్పి తోక చూశాడు.

“నిన్ను ఇరికించాలంటే గుడ్లు తోముతాను, సరే. మళ్ళీ కోత కూడా పెడతానా తల్లీ? నేను నీకు అంత వెర్రివాడిలా కనిపిస్తున్నానా?”

తోక రెక్క మీద ముక్కోణపు కోత. తాజాది. గుడ్లున్నది బోనులో పడితే అలా గుర్తు పెట్టి సముద్రంలో వదిలేస్తారు. ఆ గుర్తున్నదాన్ని ఇక ఎవరూ ముట్టరు. దొంగకు ఆ కోతతో పనేముంది? పైగా అందరూ ఇప్పుడు కత్తెరలాంటి పనిముట్టు వాడుతున్నారు. ఇది చాకుతో కోసింది. రేవులో ఇంకా చాకు వాడేది ఒక్కడే.

రోవెనా దాన్ని నీళ్ళలో వదిలింది. మిగతావన్నీ తిరగేసి చూసుకుని తన పడవలోకి దూకింది. అక్కడ మామగారు లేలండ్ ఎర సంచుల్లో చేపముక్కలు కూరుతున్నాడు. కొడుకు పోయాక కోడలి కింద పనిచేస్తున్న పాత కెప్టెన్.

“ఆ చాకు ఇలా ఇవ్వండి మావయ్యా.”

ఇచ్చాడు.

“నా చేతి వంట తింటున్న నోటితోనే చెప్పండి.”

“నేనే,” అన్నాడు లేలండ్. “నా కొడుకు డారెల్ పేరు చెరిపి పడవ మీద నీ పేరు రాయించావు. నలభై ఏళ్ళు పడవ నడిపినవాణ్ణి ఎర సంచుల దగ్గర కూర్చోబెట్టావు. నీ లైసెన్సు పోతే పడవ మళ్ళీ నా చేతికొస్తుందనుకున్నా. నిన్న నువ్వు డీజిల్ కోసం వెళ్ళినప్పుడు, పళ్ళు తోముకునే బ్రష్షుతో తోమాను. కోత ఎప్పుడు పెట్టానో నాకే తెలీదు. గుడ్లున్నదాన్ని పట్టుకుంటే నా చెయ్యి దానంతటదే చాకు తీస్తుంది. తోముతున్నంతసేపూ అది తోకతో నా వేళ్ళని కొడుతూనే ఉంది. అయినా నేను ఆపలేదు.”