పాత సరంగు అప్పగింత

ఆ లాంచీ కొన్ననాటి నుంచి, దాన్ని నడిపే సరంగుకూ అతని భార్యకూ కంటి మీద కునుకు లేదు. ఒకరు స్టీరింగ్ పట్టుకుంటే ఇంకొకరు ఇంజిన్ చూసుకొని, వంట చేసి, కూతురు చిట్టికి ఎక్కాలు చెప్పి, ఆపైన తీరిక మిగిలితే నడుం వాల్చాలి. మిగిలితే కదా! మొగుడితో తీరిగ్గా నాలుగు మాటలాడి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు కూడా లేదు.

వాళ్ల పనికో పద్ధతి ఉంది. డ్యూటీ దిగేవాళ్లు "తీసుకో" అనాలి, వచ్చినవాళ్లు "తీసుకున్నా" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా స్టీరింగ్ వదలకూడదు. అదెంత అలవాటైపోయిందంటే, చిట్టికి మంచినీళ్ల గ్లాసు అందించినా అదే మాట, అదే జవాబు.

ఆ మధ్యాహ్నం మంచు కమ్మింది. సరంగుకు రెప్పలు వాలిపోతున్నాయి. వెనక అడుగుల చప్పుడైతే భార్యే అనుకొని, తల తిప్పకుండానే "తీసుకో" అన్నాడు.

"తీసుకున్నా" అని వినిపించింది. ఆ నిద్రమత్తులోనే వదిలేసి కిందికి దిగాడు.

కింద భార్య గిన్నెలు తోముతోంది.

"నువ్విక్కడుంటే పైన ఎవరే?"

ఇద్దరూ పైకి పరుగెత్తారు. అక్కడ ఎవరూ లేరు. స్టీరింగ్ మాత్రం దానంతటదే తిరుగుతోంది, దాని మీద రెండు అరచేతుల తడి. సరంగు బలమంతా పెట్టి గుంజినా అది ఇసుమంతైనా కదల్లేదు. ఇంజిన్ ఆపేసినా లాంచీ ఆగలేదు. తిన్నగా ఎదుట మంచులో కనబడుతున్న రాళ్ల మీదికే పోతోంది.

"పాత సరంగు దీని మీదే పోయాడని అమ్మినాయన చెప్పనే చెప్పాడు. చవగ్గా వస్తోందని ఎగబడ్డావు."

"ఇప్పుడా దెప్పేది?"

అప్పుడు వినిపించింది, స్టీరింగ్ దగ్గర నుంచే, బొంగురు గొంతు.

"నన్ను దింపడానికి ఎవరూ రాలేదు. చచ్చినా దిగలేకపోయా. చేతిలో ఉంటేనే గదా అప్పగించేది, అందుకే తీసుకున్నా. అప్పగిస్తే నేను పోతా. తీసుకున్నవాళ్లు ఇక్కడుంటారు."

ఆ గొంతులో కోపం లేదు. ఉన్నదంతా అలసటే. అది ఎలాంటి అలసటో ఆమెకు తెలుసు, అందుకే భయం కంటే ముందు జాలి కలిగింది.

"తీసుకో" అంది గొంతు.

అలికిడి విని మెట్లెక్కి వచ్చిన చిట్టి, అలవాటు కొద్దీ నోరు తెరిచింది.

"తీసుకున్నా" అనేసింది తల్లి, కూతురి కంటే ముందుగా.

పెద్ద నిట్టూర్పొకటి మంచులోకి వెళ్లిపోయింది. స్టీరింగ్ ఆమె చేతులకు అతుక్కుపోయింది. ఒక్క తిప్పు తిప్పి లాంచీని రాళ్ల నుంచి మళ్లించింది.

సరంగు పక్కకొచ్చి నిలబడ్డాడు. కళ్ల నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"తప్పు నాది. నాకియ్యి. ఆ ఒక్క మాట అను."

ఆమెకు కాళ్లు పీకుతున్నాయి, కళ్లు మండుతున్నాయి. ఆ మాటంటే హాయిగా పోవచ్చు, ఇక లేవనక్కర్లేని నిద్ర. కానీ ఆయనా అలసిపోతాడు. ఆయన తర్వాత మిగిలేది చిట్టే.

"పిల్లకి అన్నం పెట్టు" అంది. "పెట్టి, నువ్వూ కాసేపు పడుకో."