నిలువు గాడి

మా వంటింటి అలమరకి రెండు తలుపులు. కుడివైపుది మా ఆయన బిగించారు. ఎడమవైపుది నేను బిగించాను. అదీ తనే బిగించానని ఆయన అనుకునేవారు.

పోయినేడు ఆయనకి కుడిచెయ్యి పడిపోయింది. ముప్పై ఏళ్లు మిల్లులో యంత్రాలు బాగుచేసిన ఫిట్టరు. పది రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాక చెయ్యి కొంచెం కొంచెంగా లేచింది. తర్వాత గుప్పిట మూసుకుంది. తర్వాత గ్లాసు పట్టుకుంది. వ్యాయామం చేయించే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "ఇంట్లో చిన్నచిన్న పనులు చెయ్యనివ్వండి. మీవల్ల కాదని మాత్రం అనకండి" అని చెప్పింది. ఆ రెండో మాటనే నేను గట్టిగా పట్టుకున్నాను.

మొదటి పని స్నానాలగదిలో కుళాయి. పది నిమిషాల పనికి గంటన్నర పట్టింది. చొక్కా అంతా చెమట. "ఇదిగో, వచ్చి చూడు" అని పిలిచి, తిప్పి, కట్టేసి చూపించారు. సాయంత్రం ఆయన నడకకి వెళ్లాక చూస్తే కుళాయి మెడ దగ్గర నీళ్లు సన్నగా ధార కడుతున్నాయి. పానా తెచ్చి నేనే ఇంకో చుట్టు తిప్పాను. మర్నాడు పొద్దున్న స్నానం చేసి వస్తూ, "చూశావా, ఒక్క చుక్క కారితే ఒట్టు" అన్నారు.

"మీ చెయ్యి మరి" అన్నాను. ఆ రోజంతా ఆయన కూనిరాగాలు తీస్తూ తిరిగారు. నాకూ హాయిగానే ఉంది.

తర్వాత కుర్చీ కాలు, స్విచ్చిబోర్డు మూత, పెరటి తలుపు గడియ, కుక్కరు పిడి, అలమర ఎడమ తలుపు. ఏదీ ఆయన చేతిలో పూర్తిగా బిగిసేది కాదు. చేతికి బలం వచ్చింది గానీ వేళ్లకి స్పర్శ రాలేదు. ఒకసారి పొయ్యి మీంచి దించిన పాలగిన్నె పట్టుకుని, నాతో ఏదో మాట్లాడుతూ అలాగే నిలబడ్డారు. నేను అరిస్తే గానీ కింద పెట్టలేదు. స్క్రూ బిగిసిందో లేదో వేళ్లు చెప్పాలి. ఆయన వేళ్లు ఏమీ చెప్పడం లేదు.

ఆయన నడక అరగంట. ఆ అరగంటలోనే నేను ఆరిన బట్టలు తీయాలి, అంట్లు తోమాలి, పొయ్యి మీద ఉన్నది మాడకుండా చూసుకోవాలి. దాంతోపాటు పొద్దున్న ఆయన చేసిన పనిని మళ్లీ చెయ్యాలి. స్క్రూడ్రైవరు పట్టీ పట్టీ అరచేతిలో కాయ కాసింది. వీధి చివర ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే పనిముట్ల పెట్టె మూసేదాన్ని.

ఒక్క చోట మాత్రం నా పనితనం చాల్లేదు. ఆయన ఏ స్క్రూ బిగించినా దాని తల మీద గాడి నిలువుగా ఉండాల్సిందే. మిల్లులో పెద్ద ఫిట్టరు దగ్గర నేర్చుకున్నారట. "అన్నీ నిలువుగా ఉంటే, ఏది కాస్త పక్కకి తిరిగినా వదులైందని దూరం నుంచే తెలిసిపోతుంది" అనేవారు. నేనూ మొదట్లో ప్రయత్నించాను. గాడి నిలువుగా వచ్చేసరికి స్క్రూ బిగిసేది కాదు, బిగిసేసరికి గాడి ఎటో చూసేది. చివరికి బిగిస్తే చాలనుకున్నాను. ఊడనిదాన్ని ఎవరు పరీక్షగా చూస్తారు?

ఇలా ఉండగా ఒక వారం మిల్లు నుంచి ఫోనొచ్చింది. సోమవారం వచ్చి ఒక యంత్రం విప్పి బిగించి చూపిస్తే మళ్లీ పనిలోకి తీసుకుంటామని సూపర్‌వైజరు చెప్పాడట. భోజనాల దగ్గర ఆయన ఆ మాట నాలుగుసార్లు చెప్పారు.

"ఇంట్లో అన్నీ బాగుచేసేశావు నాన్నా. ఇంక నేనే మిగిలాను" అంది మా అమ్మాయి. కాలేజీలో చివరి ఏడాది.

"నీ స్పేరుపార్టులు బజార్లో దొరకవే. ఎక్కడి నుంచి తేను?"

"అమ్మ దగ్గర అడుగు. పాత డబ్బాల్లో అన్నీ దాస్తుందిగా."

ఇద్దరూ నవ్వారు. మిల్లులో బిగించేది కుక్కరు పిడి కాదు. తిరిగే చక్రం వదులైతే పక్కన నిలబడ్డవాడి చెయ్యి పోతుందని ఈయనే ఎన్నోసార్లు చెప్పారు.

"ఏమండీ, ఇంకో నెలాగి వెళ్తే?" అన్నాను.

తినడం ఆపి నా వైపు చూశారు. "ఏం? నా పనిలో ఏమన్నా తేడా కనిపించిందా?"

చెప్పాలంటే అదే సమయం. చెప్పలేకపోయాను. "అబ్బే, లేదు. ఊరికే అన్నా" అనేశాను.

శనివారం పొద్దున్న ఆయన అలమర కుడి తలుపు పట్టుకున్నారు. రెండు బందులు, ఆరు స్క్రూలు. మధ్యాహ్నానికి ముగించి, "సోమవారానికి రిహార్సలు" అన్నారు. సాయంత్రం నడకకి వెళ్లారు. నేను పెట్టె తీయలేదు. బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. నోటితో చెప్పలేనిది తలుపే చెప్తుందనుకున్నాను. పొద్దున్న ఆయన ఎదురుగా నేనే దాన్ని తెరవాలి. అది వేలాడాలి. ఆయన చూడాలి. నేను అనుకున్నది అంతే.

ఆదివారం పొద్దున్న పెరట్లో దుప్పట్లు పిండుతున్నాను. లోపల ధన్‌మని చప్పుడు, వెంటనే అమ్మాయి కేక. పరుగెత్తుకెళ్తే తలుపు నేల మీద పడి ఉంది. అమ్మాయి కాలు పట్టుకుని కూలబడి ఉంది. పంచదార డబ్బా కోసం తలుపు లాగిందట. బొటనవేలి గోరు సగం లేచిపోయి రక్తం కారుతోంది.

"అయ్యో, నేను తెరుద్దామనుకున్నానే" అన్నాను. నోరు జారింది.

ఆయన మందుల డబ్బా తెచ్చి, నన్ను దగ్గరికి రానివ్వకుండా తనే కట్టు కట్టారు. అమ్మాయి కాలు కింద పెట్టగానే కట్టు వదులై జారిపోయింది. మళ్లీ కట్టారు. మళ్లీ జారింది. మూడోసారి పట్టీని నా చేతికిచ్చి లేచి నిలబడ్డారు.

కింద పడిన తలుపుని చూశారు. తర్వాత అలమరకి మిగిలిన రెండు స్క్రూలని చూశారు. సగం బయటికొచ్చి ఉన్నా, వాటి తలల మీద గాడులు నిలువుగానే ఉన్నాయి. అక్కడి నుంచి ఎడమ తలుపు దగ్గరికి వెళ్లి, వంగి, ఒక్కో స్క్రూ మీద వేలు పెట్టి చూశారు. ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా. ఆరూ ఆరు దిక్కులు.

"ఇది నువ్వు బిగించావా?" గొంతు పెంచలేదు.

"ఊఁ."

"కుళాయి?"

నేను కట్టు కడుతూ తలూపాను.

"స్విచ్చిబోర్డు? గడియ? కుర్చీ?"

"అవునండీ."

"నేను చేసిందంటూ ఈ ఇంట్లో ఏదన్నా ఉందా?"

ఆయన కింద పడిన తలుపుని కాలితో మెల్లగా కదిపారు. "ఇదొక్కటేనా?"

"నాన్నా, అమ్మ నీ కోసమే..." అంది అమ్మాయి.

"నువ్వూరుకోవే." నా వైపు తిరిగారు. "తెరుద్దామనుకున్నానన్నావు. అంటే ఊడుతుందని తెలుసు. తెలిసే వదిలేశావు, పిల్ల కాలి మీద పడేదాకా."

"మీకు ఎలా చెప్పాలో తెలియక..."

"కుళాయి రోజునే చెప్తే సరిపోయేది కదే. కారుతోందండీ అని. నోరు తిరగదా ఆ మాటకి?"

నిజమే. ఒక్క మాట.

ఇస్త్రీ చేసి తగిలించిన చొక్కా సోమవారం అలాగే ఉండిపోయింది. ఫోను మూడుసార్లు మోగింది. నాలుగోసారి ఆయనే తీసి, "ఇంక రాను సార్. చెయ్యి కుదర్లేదు" అని పెట్టేశారు.

అమ్మాయి గోరు నల్లబడి ఊడిపోయింది. కొత్తది వస్తోంది. ఆయన సాయంత్రం నడక మానేశారు. ఇంట్లో ఏది పాడైనా అడగరు, చూడరు. నేను ఇప్పుడు ఏ వేళప్పుడైనా పెట్టె తెరిచి పని చేసుకోవచ్చు. వీధిలో చెప్పుల చప్పుడు కోసం చెవి ఒగ్గక్కర్లేదు. అయినా ఆ అరగంటలో చేసినప్పుడు లేని బరువు ఇప్పుడు చేతికి తెలుస్తోంది.

కుడి తలుపు రెండు వారాలు గోడకి ఆనించే ఉంది. నిన్న అంట్లు తోమి, దాన్ని ఎత్తి బిగించాను. ఆయన ముందుగదిలో పేపరు చదువుతున్నారు. ఐదు స్క్రూలు అయ్యాయి. ఆరోది గట్టిగా బిగిసింది, కానీ గాడి కాస్త పక్కకి ఉంది. ఇదొక్కటైనా ఆయన చూసేసరికి సరిగ్గా ఉండాలనిపించింది. ఇంకో పావు చుట్టు తిప్పాను.

లోపల చెక్క కర్రుమంది. స్క్రూ వదులైపోయి, ఎటు తిప్పితే అటు ఊరికే తిరగసాగింది.

ముందుగదిలో పేపరు చప్పుడు ఆగింది. స్క్రూ పట్టు తప్పిన చప్పుడు ఆయనకి తెలియకపోదు. స్క్రూడ్రైవరు పట్టుకుని గుమ్మం వైపు చూశాను. ఆయన లేవలేదు. కొంతసేపటికి పేజీ తిప్పారు.